అతని పేరు మీద చదువు

"పాస్‌వర్డ్ చెప్పు," అన్నాడు మహేందర్ మూడోసారి.

భార్య మృదుల తలెత్తలేదు. నేల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. సోఫాలో అతని ఒళ్లో లాప్‌టాప్ తెరిచి ఉంది. టీపాయ్ మీద వెటర్నరీ కౌన్సిల్ నుంచి శనివారం వచ్చిన నోటీసు, దానికి పిన్ను కొట్టిన నాలుగు కాగితాలు.

"నిన్నే అడిగేది. నా అకౌంట్ పాస్‌వర్డ్ ఏంది?"

"నీ అకౌంట్ కద. నువ్వే చెప్పాలె."

మహేందర్ ముఖం మాడిపోయింది. మాడదా మరి! పశువైద్యులకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఆ వెబ్‌సైటులో డాక్టర్ మహేందర్ అయిదేళ్లుగా చదువుతున్నాడు. పదహారు కోర్సులు పూర్తిచేశాడు. పద్నాలుగింట్లో తొంభై శాతానికి పైనే మార్కులు. దిల్‌సుఖ్‌నగర్‌లోని అతని క్లినిక్‌లో గోడ నిండా ఆ సర్టిఫికెట్లే, ఫ్రేములు కట్టించి మరీ తగిలించాడు. ఇంత చదివిన మహానుభావుడు ఆ సైటు మొహం చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

చదివింది మృదుల.

రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే కోర్సులు చదివి అయిదేళ్లలో ముప్పై పాయింట్లు తెచ్చుకోవాలని కౌన్సిల్ పట్టుబట్టినప్పుడు, "నాకు పేషెంట్లతోనే పుర్సత్ లేదు. నువ్వు ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ కద, జర కూసొని నొక్కు," అన్నాడు మహేందర్. వీడియో పెట్టేసి ఎవరి పని మీద వాళ్లు వెళ్లిపోతారని ఆ సైటు వాళ్లకు బాగా తెలుసు. పది నిమిషాలకోసారి తెర మధ్యలో ఒక డబ్బా వస్తుంది. దాన్ని నొక్కకపోతే పాఠం మళ్లీ మొదటికొస్తుంది. ఆ డబ్బా నొక్కడానికని కూర్చున్న మనిషి, ఊరికే కూర్చోలేక వినడం మొదలుపెట్టింది. విన్నది నోట్సు రాసుకుంది. పాప జ్యోతికకు అన్నం తినిపిస్తూ విన్నది, కుక్కర్ కూతల మధ్య విన్నది. వినదా, ఆమె కూడా వెటర్నరీ డాక్టరే. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో ఇద్దరిదీ ఒకటే బ్యాచ్. సర్జరీలో మెడల్ ఆమెకే వచ్చింది. ఎల్బీనగర్‌లోని ఈ ఫ్లాట్‌లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

"ఈ మూడో కాగితం చూడు," అన్నాడు మహేందర్, గొంతు తగ్గించి. "ఇది నువ్వు రాసిందేనా?"

"కింద ఎవరి పేరుందో చూడు."

"మృదులా, నీ వెటకారం తర్వాత. ఇది ఎవరన్న చదివిన్రా, లేదా?"

"నలభై మంది చదివిన్రు. పాఠం చెప్పిన ప్రొఫెసర్ గూడ చదివిండు. కొత్త డాక్టర్లందరు ఇది చదవాలని రాసిండు. నీకే."

కాగితం మీద ఉన్నది ఎనిమిది నెలల కిందటి మాట. నొప్పి మందుల కోర్సు అయ్యాక చర్చా పేజీలో మృదుల రాసింది. దురదకు స్టెరాయిడ్ బిళ్లలు వాడుతున్న కుక్కకు నొప్పి ఇంజెక్షన్ ఇవ్వకండి. రెండూ కలిస్తే కడుపులో పుండు పడి చిల్లు పడుతుంది. పాత చీటీ అడగండి. చీటీ లేదంటే, దురద మందు ఏమైనా నడుస్తోందా అని నోరు తెరిచి అడగండి. అడగడానికి అర నిమిషం పట్టదు. ఇట్లు, డాక్టర్ మహేందర్, హైదరాబాద్.

పోయిన నెల కర్మన్‌ఘాట్ నుంచి అనంతమ్మ అనే పెద్దావిడ తన కుక్క భీముణ్ణి కుంటుతోందని తీసుకొచ్చింది. అప్పటికి మూడు వారాలుగా దానికి దురద బిళ్లలు నడుస్తున్నాయి. మహేందర్ అడగలేదు. నొప్పి ఇంజెక్షన్ ఇచ్చాడు, అయిదు రోజులకు నొప్పి బిళ్లలూ రాశాడు. మూడో రోజు కుక్క రక్తం కక్కుకుని చచ్చిపోయింది. అనంతమ్మ కొడుకు ధనరాజ్ ప్లాట్ల వ్యాపారం చేసేవాడు, కాగితాల సంగతి బాగా తెలిసినవాడు. గోడ మీది సర్టిఫికెట్ ఫొటో తీసుకెళ్లి, సైటు వెతికి, ఈ చర్చ పట్టుకున్నాడు. ఫిర్యాదులో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ఇంత తెలిసిన డాక్టర్ మా కుక్కకు ఈ మందు ఎందుకిచ్చాడు?

బుధవారం పదకొండు గంటలకు వచ్చి దానికి జవాబు చెప్పమంది కౌన్సిల్.

"మహిపాలన్నతోని మాట్లాడిన," అన్నాడు మహేందర్. మహిపాల్ అతనికి సీనియర్, కౌన్సిల్లో నలుగురు తెలిసినవాడు. "తెల్వక చేసిండంటే వార్నింగ్ ఇచ్చి ఒదిలేస్తరంట. తెలిసి చేసిండంటే సస్పెన్షన్ అంట, రెండేండ్లు."

"అయితే ఆ పాఠం చదవలేదని చెప్పు. నిజమే కద."

"ఎట్ల చెప్తా? నా పేరు మీద నువ్వు గింత పెద్దగ రాసి పెట్టినంక!"

మృదుల చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. తప్పు మందిచ్చిన చెయ్యి ఎవరిదో ఆ మాటల్లో ఎక్కడా లేదు. ఒప్పు రాసిన చెయ్యి మాత్రం దొరికిపోయింది.

"ఏం చెయ్యమంటవ్ నన్ను?"

మహేందర్ లాప్‌టాప్ పక్కన పెట్టాడు. ఈ మాట రాత్రంతా తయారుచేసుకున్నాడని అతని కూర్చున్న తీరే చెబుతోంది.

"బుధవారం నాతోని రా. ఆసక్తి కొద్ది నువ్వే చదువుకున్ననని చెప్పు. నా లాగిన్ల, నాకు తెల్వకుంట."

"నీకు తెల్వకుంట?"

"మాట వరసకు."

"పదహారు కోర్సులు, నీకు తెల్వకుంట. గోడకు మేకులు ఎవరు కొట్టిన్రు మరి?"

"సర్టిఫికెట్లు క్యాన్సిల్ చేస్తరు, మళ్ల చదువుమంటరు. చదువుకుంట. ప్రాక్టీస్ అయితే ఉంటది కద."

"నా రిజిస్ట్రేషన్?"

మహేందర్ నోటీసు తీసి మడతపెట్టాడు. వంటింటి గుమ్మంలో అతని తల్లి అండాలమ్మ ఎప్పుడొచ్చి నిల్చుందో, కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"నువ్వు ప్రాక్టీస్ చేస్తలేవ్ కద," అన్నాడు చివరికి. "నీకు పోయేదేంది?"

పోయేదేమిటో అతనికి తెలియదంటే అది అబద్ధం. మృదుల రిజిస్ట్రేషన్ ఈ నెల ముప్పై ఒకటో తారీఖుతో అయిపోతుంది. పాప రెండో తరగతికొచ్చింది, ఇక చంపాపేట్‌లో చిన్న క్లినిక్ పెట్టుకుంటానని ఉగాదినాడే ఇంట్లో అందరి ముందూ చెప్పింది. అయిదేళ్లు చదివిన చదువులో ఆమె పేరున ఒక్క పాయింటూ లేదు. మూడు వారాల కిందట సొంత పేరుతో అకౌంట్ తెరిచి, చదివిన పాఠాలే మళ్లీ మొదటినుంచీ చదువుతోంది. పద్దెనిమిది పాయింట్లొచ్చాయి. పన్నెండు రావాలి, తొమ్మిది రోజులున్నాయి. భర్త లాగిన్ దొంగతనంగా వాడానని తనంతట తానే వెళ్లి ఒప్పుకుంటే, ఆ పద్దెనిమిదీ పోతాయి, జాబితాలోంచి పేరూ పోతుంది.

"అత్తమ్మా, నువ్వు చెప్పు," అంది మృదుల.

అండాలమ్మ నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ఇద్దరు మగపిల్లల్ని చదివించిన మనిషి. కోడల్ని ఏనాడూ ఒక మాట అనలేదు. ఆమె న్యాయం చెబుతుందని మృదులకు ఏ మూలో ఆశ.

"నాకేం తెల్సు బిడ్డా మీ కౌన్సిళ్లు," అంది అండాలమ్మ. "నీ పేరు పోతే ఎవలు అడగరు. వాని పేరు పోతే రేపటిసంది క్లినిక్‌కు ఎవలొస్తరు? జర ఆలోచించు."

మృదుల చిక్కుడుకాయల చేట తీసుకుని లేచింది. అత్త మాటలో కోపం లేదు. అందుకే అది ఇంకా లోతుగా దిగింది.

మహేందర్ క్లినిక్‌కు బయల్దేరాడు. చెప్పులేసుకుంటూ, "సాయంత్రంకల్ల ఏదో ఒకటి చెప్పు," అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ఆమె ఏమీ అనకపోతే ఒప్పుకుందని లెక్క.

*

పన్నెండున్నరకు మృదుల కర్మన్‌ఘాట్‌లో ఆటో దిగింది. ఎందుకొచ్చిందో ఆమెకే సరిగా తెలియదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని అడగడానికా? అంత మొహం తనకు లేదు. ఆ రోజు క్లినిక్‌లో జరిగింది కుక్క పక్కనే నిలబడి చూసిన మనిషి అనంతమ్మ. ఆమెకు ఎంత తెలుసో తెలుసుకోవాలి, అంతే.

కొత్తగా కట్టిన మూడంతస్తుల ఇల్లు, ముందు పాత పెంకుటింటి అరుగు మాత్రం కూల్చకుండా ఉంచుకున్నారు. అనంతమ్మ ఆ అరుగు మీదే కూర్చుని ఉంది. మృదులను చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు.

"డాక్టర్ సాబ్ పంపిండా?"

"లేదమ్మా. నేనే వచ్చిన."

"నా కొడుకు లేడు. ఉన్నా మాట్లాడడు."

"మీతోనే మాట్లాడదామని."

అనంతమ్మ పక్కకు చూసింది. అక్కడ నీళ్ల తొట్టి బోర్లించి ఉంది. రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"గా దినం నువ్వు టిఫిన్ తెచ్చినవ్," అంది అనంతమ్మ. "నా భీముని పొట్ట చూసినవ్. బొచ్చు ఊడిన కాడ చెయ్యి పెట్టి చూసినవ్. దురద మందు నడుస్తున్నదా అని నన్నడిగినవ్. తెల్ల గోలి ఏస్తున్నమని చెప్పిన."

"అవునమ్మా."

"తర్వాత నీ మొగనికి ఇంగ్లీష్‌ల ఏదో చెప్పినవ్. నాకు ఇంగ్లీష్ రాదు. కాని నీ మొకం చూస్తె సమజైంది, ఒద్దంటున్నవని."

ఆ రోజు క్లినిక్‌లో ఇంకో నలుగురున్నారు. ఒకాయన పిల్లిని పట్టుకుని, ఇంకొకామె కుక్కపిల్లతో. వాళ్ల ముందు మహేందర్ నవ్వాడు. "ఆన్‌లైన్ల రెండు వీడియోలు చూసి మా మేడమ్ గూడ డాక్టర్ అయ్యింది. మీరు పరేషాన్ కాకుండ్రి," అని సిరంజి ఎత్తాడు. అందరూ నవ్వారు. మృదుల కూడా కొంచెం నవ్వింది. ముందురోజు టిఫిన్ గిన్నెలు తీసుకుని బయటికొచ్చి, మెట్రో ఎక్కి ఇంటికి పోయింది. ఇది తలుచుకున్నప్పుడల్లా ఆమెకు మహేందర్ నవ్వు కంటే తన నవ్వే ఎక్కువ అసహ్యం వేస్తుంది.

"నువ్వు గూడ సదువుకున్న డాక్టర్‌వేనంట," అంది అనంతమ్మ. "మొన్న నా కొడుకు చెప్పిండు. సర్కారు లిస్టుల నీ పేరున్నదంట. నిజమేనా?"

"నిజమే."

"నేను టిఫిన్ తెచ్చిన ఇల్లాలివనే అనుకున్న. ఇల్లాలు మొగని ముంగట నోరు మూసుకున్నదంటే, మాకు అలవాటే, మేమూ మూసుకున్నం. డాక్టర్‌వి గద, నువ్వెందుకు మూసుకున్నవ్?"

"ఆయనకు చెప్పినమ్మా. ఆయన వినలేదు."

"ఆయనకు చెప్పినవ్. నాకెందుకు చెప్పలే?"

మృదుల బోర్లించిన తొట్టి వైపు చూసింది.

"నా దిక్కు తిరిగి, 'అమ్మా, ఈ సూది ఒద్దు, లేపుకొని పో' అని ఒక్క మాట తెలుగుల అనుంటే అయిపోతుండె. నా కుక్క, నా ఇష్టం. లేపుకొని పోతుంటి." అనంతమ్మ గొంతు వణకలేదు, పెరగలేదు. "మొగని పరువు పోతదని ఊకున్నవా?"

"అవునమ్మా."

అనేశాక మృదులకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ తను ఏమనుకుంది? తనది దోచుకున్నారనుకుంది. చదువు తనది, పేరు అతనిది, అన్యాయమంతా తనకే జరిగిందనుకుంది. కర్మన్‌ఘాట్ అరుగు మీద చదువురాని ముసలామె ఒక్క ప్రశ్న వేసేసరికి, అందులో తన వాటా ఎంతో తెలిసొచ్చింది.

"బుధవారం నన్నూ రమ్మన్నరు," అంది అనంతమ్మ. "చూసింది చెప్త. నువ్వు ఒద్దన్నది చెప్త, నవ్వుకుంట పోయింది గూడ చెప్త. క్షమించుమని ఒచ్చినవైతే నా తాన లేదు బిడ్డా. ఎండ అయితుంది, పో."

*

మహేందర్ ఆ రోజు ఆరింటికే ఇంటికొచ్చాడు. చేతిలో మిర్చి బజ్జీల పొట్లం. పొద్దున పోయినవాడూ ఇతనూ ఒకరేనా అనిపించేంత హుషారుగా ఉన్నాడు.

"అమ్మా, చాయ్ పెట్టు," అని కేకేసి, జ్యోతికను ఒళ్లోకి లాక్కున్నాడు. "మృదులా, నువ్వింక టెన్షన్ పడకు. పని అయిపోయింది."

"ఏం పని?"

"బుధవారం నువ్వు రావుడు గూడ అవసరం లేదు. మహిపాలన్న చెప్పిండు, ముందే లెటర్ ఇస్తే చాలంట. పంపేసిన."

"ఎవరి లెటర్?"

మహేందర్ బజ్జీల పొట్లం దారం విప్పుతూ, "నీదే," అన్నాడు. "నీ మెయిల్ క్లినిక్ కంప్యూటర్ల ఓపెనే ఉంది కద. నిన్ను సతాయించుడెందుకని నేనే రాసిన. మంచిగ రాసిన, ఎక్కడ నీకు చెడ్డ పేరు రాకుంట."

మృదుల లాప్‌టాప్ తెరిచింది. పంపిన ఉత్తరాల్లో మొదటిదే, సాయంత్రం నాలుగింటికి పోయింది. ఆమె పేరు మీద.

"డాక్టర్ మృదుల అనే నేను రాయునది. నా భర్త డాక్టర్ మహేందర్ గారికి తెలియకుండా అయిదేళ్లుగా వారి అకౌంట్‌ను వాడుకున్నాను. ఆ చర్చలో రాసినదంతా నాదే. అందులోని విషయం వారికి తెలియదు. ఇందుకు పూర్తి బాధ్యత నాదే. నేను ప్రాక్టీసు చేయుట లేదు గనుక నా రిజిస్ట్రేషన్‌ను నా ఇష్టపూర్తిగా వదులుకొనుచున్నాను."

రెండుసార్లు చదివింది. మొదటి మాట దగ్గర, డాక్టర్ అన్నచోట, ఆగిపోయింది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో పెళ్లి పత్రిక మీద లేదు, ఇంటి ముందు బోర్డు మీద లేదు, పాప బడి ఫారంలో గృహిణి అని రాయించాడు. ఇన్నేళ్లకు మొగుడు ఆమె పేరు ముందు డాక్టర్ అని రాశాడు. ఆ డాక్టర్‌ను తీసేయమని చెప్పడానికి.

"చదివినవా? ఓకే కద?" అన్నాడు మహేందర్, బజ్జీ నములుతూ. "అయిదేండ్లు నువ్వు నా పేరు మీద రాసినవ్. నేను నీ పేరు మీద ఒక్క ఉత్తరం రాసిన. గంతే కద."

అతను హాస్యంగానే అన్నాడు. అండాలమ్మ చాయ్ కప్పులతో వచ్చి కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూసింది. మృదుల అరవలేదు. అరుస్తుందనే అతను బజ్జీలు తెచ్చాడేమో.

"మధ్యాహ్నం నేను కర్మన్‌ఘాట్ పోయిన," అంది.

మహేందర్ నమలడం ఆపాడు. "ఎందుకు?"

"అనంతమ్మ బుధవారం వస్తదంట. నేను ఒద్దన్నది చెప్తదంట. నీకు తెల్వదని ఎట్ల చెప్తవ్ ఇంక?"

"ముసలిదానికి ఇంగ్లీష్ వస్తదా? ఏం విన్నదని చెప్తది? నువ్వు గమ్మునుంటే నడుస్తది."

"అవును. నేను గమ్మునుంటే నడుస్తది."

ఆమె అతని ఉత్తరం కిందే జవాబు రాయడం మొదలుపెట్టింది. తెలుగులోనే రాసింది, అనంతమ్మకు చదివి వినిపించినా అర్థమయ్యేటట్టు.

"పై ఉత్తరం నేను రాయలేదు. రిజిస్ట్రేషన్ వదులుకోవడం లేదు. నా భర్త పేరు మీద కోర్సులు చదివింది నేనే. ఆయనకు తెలిసే చదివాను. అది తప్పు. ఆ రోజు క్లినిక్‌లో నేనున్నాను. కుక్క స్టెరాయిడ్ మీద ఉందని చూశాను. ఇంజెక్షన్ వద్దని ఆయనకు చెప్పాను. కుక్కను తెచ్చిన ఆవిడకు చెప్పలేదు. చెప్పాల్సింది. డాక్టర్‌గా అది నా తప్పు, ఇంకెవరిదీ కాదు. బుధవారం నేనూ వస్తాను."

"ఎవరికి రాస్తున్నవ్?" మహేందర్ పాపను దించి లేచి నిల్చున్నాడు. "మృదులా, ఎవరికి?"

"రాయనియ్యిరా," అంది అండాలమ్మ, చాయ్ కప్పులు పట్టుకునే. ఎందుకందో ఆమెకూ తెలియనట్టుంది. అని, భయంగా కొడుకు వైపు చూసింది.

మృదుల తిరిగి చూడలేదు. రాసింది మొదటినుంచీ చదువుకుంది. పేరు పెట్టింది. పేరు కింద ఏదో తక్కువైందనిపించి తన రిజిస్ట్రేషన్ నంబరు వేసి, పంపేసింది. ముప్పై ఒకటో తారీఖు దాకా ఆ నంబరు చెల్లుతుంది.